అరవయ్యో పేజీలో ఆగిపోయిన చెల్లెలికి

ఉత్తరం పెద్దది, అందుకని కుదించి ఇస్తున్నాను:

"అక్కా, మాది సూర్యాపేట దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. చిన్నప్పుడు నవలలు తెగ చదివేదాన్ని, పదేళ్లుగా ఫోన్ తప్ప ఏమీ చదవలేదు. ఈమధ్య ఆత్మకథలు, జీవిత చరిత్రలు, చరిత్ర పుస్తకాల మీద మనసు పోయింది. ఉత్సాహంగా స్వతంత్ర భారత చరిత్ర మీద రామచంద్ర గుహ రాసిన లావుపాటి ఇంగ్లిష్ పుస్తకం కొన్నాను. అరవయ్యో పేజీలో ఆగిపోయాను, ఆరు నెలలైంది. ఆఫీసులో అందరూ కంపెనీ ఓనర్ల జీవిత కథలు చదవమంటారు, అవేమో బోర్. మా నాయనమ్మ ఉన్నన్నాళ్లూ రజాకార్లు వస్తే జొన్నచేలో దాక్కున్న కథ చెప్పేది. ఇప్పుడు ఆవిడ లేదు. వాళ్ల చెల్లెలు మాత్రం ఊళ్లో ఉంది. నా ప్రశ్నలు మూడు: ఏది ముందు చదవాలి? ఆత్మకథల్లో రాసేదంతా నిజమేనా? ఇంగ్లిష్‌లోనే చదవాలా?"

అక్కా అన్నావు కాబట్టి నేనూ నువ్వు అనే అంటున్నా, ఏమీ అనుకోకు.

ముందు ఆ లావుపాటి పుస్తకం సంగతి తేలుద్దాం. దాన్ని మొదటి పేజీ నుంచి చదవాలని నీకెవరు చెప్పారు? నవలైతే సరే, మధ్యలో తెరిస్తే కథ పోతుంది. చరిత్ర పుస్తకానికి ఆ పట్టింపు లేదు. అందులో భాషా రాష్ట్రాల గురించి ఒక అధ్యాయం ఉంది, అక్కడ తెరువు. పొట్టి శ్రీరాములు 1952 అక్టోబర్ 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి గారింట్లో నిరాహారదీక్షకు కూర్చోవడం, 58 రోజుల తర్వాత డిసెంబర్ 15 రాత్రి చనిపోవడం, ఆ తర్వాత ఢిల్లీ వాళ్లు హడావిడిగా ఆంధ్ర రాష్ట్రం ప్రకటించడం నీకు స్కూల్లో రెండు లైన్ల పాఠం. మనకు తెలిసిన కథే బయటివాడు బయటి నుంచి చూసి చెబితే ఎలా ఉంటుందో ఆ అధ్యాయంలో తెలుస్తుంది. ఆ రుచి తగిలాక వెనక్కి వెళ్తావో ముందుకు వెళ్తావో నీ ఇష్టం. వెళ్లకపోయినా కొంపేమీ మునగదు. నా దగ్గరా సగంలో ఆగిన పుస్తకాలు ఒక అర నిండా ఉన్నాయి.

ఇక మూడో ప్రశ్న, ఇంగ్లిష్‌లోనే చదవాలా అని. అక్కర్లేదు. నువ్వు అడిగిన రకం పుస్తకాల్లో తెలుగు బీదదేమీ కాదు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు గారు, మరికొందరు కలిసి విజ్ఞాన చంద్రికా మండలి పెట్టినప్పుడు, వాళ్లు మొదట అచ్చేసింది కావ్యమూ కాదు నవలా కాదు, అబ్రహాం లింకన్ జీవిత చరిత్ర! గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు రాశారు, 1907లో. ఇంగ్లిష్ రాని తెలుగువాడికి లింకన్ ఎవరో తెలియాలని అప్పుడే అనుకున్నారు. మనం ఇప్పుడు అదే పని ఇంగ్లిష్‌లో చేసుకుంటూ తెలుగులో ఏముంది అంటున్నాం.

రెండో ప్రశ్న దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే దానికి జవాబు దొరికితే మొదటిదానికీ దొరికినట్టే.

ఆత్మకథల్లో రాసేదంతా నిజం కాదు. అబద్ధమూ కాదు. కొన్నేళ్ల కింద ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక పాత నాయకుడి ఆత్మకథ కొన్నాను, పేరెందుకులే. యాభై రూపాయలు. ఇంటికొచ్చి చూస్తే నాకంటే ముందు దాన్ని చదివినాయన ఎవరో అంచుల్లో పెన్సిల్‌తో రాసుకుంటూ పోయారు. ఒకచోట "ఈ సభలో నేనూ ఉన్నాను, వాన పడలేదు" అని ఉంది. పుస్తకంలో ఆ సభ జోరువానలో జరుగుతుంది, జనం తడుస్తూ కదలకుండా నిలబడి ఉపన్యాసం వింటారు! ఎవరిది నిజం? నాకు తెలియదు. కానీ ఆ పెన్సిల్ గీత చూశాక నేను ఏ ఆత్మకథనైనా ఒంటరిగా చదవడం మానేశాను. ఒకటి చదివితే దాని పక్కన ఇంకోటి పెట్టుకుంటాను. అదే సంఘటన, వేరే మనిషి. నీకు కూడా నేను చెప్పేది ఇదే, జంటగా చదువు.

నీ ఊరి కథతోనే మొదలుపెడదాం. తెలంగాణ సాయుధ పోరాటం మీద పుచ్చలపల్లి సుందరయ్య గారు లావుపాటి పుస్తకం రాశారు, 'వీర తెలంగాణ విప్లవ పోరాటం' అని. పార్టీ నాయకుడు రాసిన చరిత్ర అది. మూడు వేల గ్రామాలు, పది లక్షల ఎకరాలు పంచడం, నాలుగు వేల మంది చనిపోవడం, పది వేల మందికి పైగా డిటెన్షన్ క్యాంపుల్లో మగ్గడం, అన్నీ లెక్కలతో ఉంటాయి. గొప్ప పుస్తకమే, కాదనను. కానీ దానితో మొదలుపెడితే నువ్వు మళ్లీ అరవయ్యో పేజీలోనే ఆగుతావు.

అందుకని దానికంటే ముందు 'మనకు తెలియని మన చరిత్ర' పట్టుకో. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్లు తెచ్చారు. ఆ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల దగ్గరికి టేప్ రికార్డర్ పట్టుకుని వెళ్లి, కూర్చోబెట్టి మాట్లాడించి, వాళ్ల మాటల్నే అచ్చేశారు. చిట్యాల ఐలమ్మ ఉంటుంది అందులో, కమలమ్మ ఉంటుంది. ఈ కమలమ్మ దళంతో పాటు అడవిలో ఉన్నప్పుడు చంకలో పసిబిడ్డ. బిడ్డ ఏడిస్తే పోలీసులకు ఆచూకీ తెలుస్తుంది, అందరి ప్రాణం మీదికి వస్తుంది, బిడ్డనైనా ఎవరికైనా ఇచ్చెయ్యి, దళాన్నైనా వదిలి వెళ్లు అన్నారు. ఆవిడ బిడ్డను ఇచ్చేసింది. సుందరయ్య గారి లెక్కల్లో ఆ బిడ్డ ఏ అంకెలోనూ రాదు. చచ్చిపోయినవాళ్లలో లేదు, జైలుకు పోయినవాళ్లలో లేదు. ఈ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెడితే తప్ప ఆ ఖాళీ కనబడదు. పోరాటం విరమించాక మీరిక ఇళ్లకు పోయి సంసారాలు చేసుకోండి అన్నప్పుడు ఆ ఆడవాళ్లకు ఎలా ఉండిందో కూడా వాళ్ల నోటే వింటావు. నేను బస్సులో చదువుతూ దిగాల్సిన స్టాప్ దాటిపోయిన పుస్తకం అది.

మీ వైపు మనిషే ఇంకొకావిడ, మల్లు స్వరాజ్యం. కర్విరాల కొత్తగూడెంలో భూస్వామ్య కుటుంబంలో పుట్టి, ఇంట్లో వడ్లు దంచే వెట్టివాళ్లకు బియ్యం పంచిన పిల్ల, ఆ తర్వాత తుపాకీ పట్టుకుంటే ఆవిడ తలకు ప్రభుత్వం పదివేలు వెల కట్టింది. 'నా మాటే తుపాకీ తూటా' ఆవిడ చెప్పగా విమల, కాత్యాయని రాశారు. చదువుతుంటే ఎవరో మీ వాకిట్లో మంచం వాల్చుకుని చెబుతున్నట్టే ఉంటుంది, రెండు రోజుల్లో అయిపోతుంది. పదేళ్ల తర్వాత మళ్లీ పుస్తకం పడుతున్నావు కదా, నన్నడిగితే మొట్టమొదట ఇదే. తర్వాత స్త్రీశక్తి వాళ్లది. సుందరయ్య గారిని ఆ తర్వాత, మొత్తం కాకపోయినా మీ తాలూకా ప్రస్తావన వచ్చిన పేజీలైనా.

ఇంకో మెలిక ఉంది. 1948 సెప్టెంబర్‌లో సైన్యం వచ్చాక పోరాటం కొనసాగించాలా ఆపాలా అన్న దగ్గర నాయకులే రెండుగా చీలిపోయారు. రావి నారాయణరెడ్డి గారు ఆపాలన్నవైపు. 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న మనిషి ఆయన. ఆయన జ్ఞాపకాలు చదివితే సుందరయ్య గారి పుస్తకంతో లోపల్లోపల వాదన నడుస్తున్నట్టు ఉంటుంది. ఒకే పార్టీ, ఒకే పోరాటం!

మరి మీ నాయనమ్మ చెప్పిన రజాకార్ల కథ నిజమేనా? జొన్నచేలో దాక్కోవడం నిజమే అయ్యుంటుంది, మీ వైపు ఏ ఊళ్లో అడిగినా అలాంటిది ఒకటి చెబుతారు. కాకపోతే దానికి రెండో సగం ఉంది, అది మన ఇళ్లల్లో చెప్పుకోరు. పోలీసు యాక్షన్, అంటే ఇందాక చెప్పిన సైన్యం రాక, అయిన తర్వాత, మరాఠ్వాడా జిల్లాల్లో మరీ ఎక్కువగా, మామూలు ముస్లిం కుటుంబాల మీద జరిగిన హత్యాకాండ. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు తొక్కిపెట్టే ఉంచారు. ఎ.జి. నూరానీ 2013లో హైదరాబాద్ విధ్వంసం మీద రాసిన ఇంగ్లిష్ పుస్తకంలో అది చదవొచ్చు. ఆయన లాయరు, వాదన కూడా లాయరు వాదనలాగే ఒకవైపుకు బలంగా సాగుతుంది, అది మనసులో పెట్టుకునే చదువు. కానీ చదువు. జొన్నచేలో మీ నాయనమ్మ దాక్కున్న ఏడాదే, ఇంకొన్ని నెలలకు, ఇంకో చేలో ఇంకెవరి నాయనమ్మో దాక్కుంది.

కొండపల్లి కోటేశ్వరమ్మ గారి 'నిర్జన వారధి' గురించి చెప్పకుండా వదిలితే నాకు నిద్రపట్టదు. పెళ్లంటే ఏమిటో తెలియని వయసులో పెళ్లి, అది తెలిసేలోపే వైధవ్యం. తర్వాత కొండపల్లి సీతారామయ్యతో పునర్వివాహం, పార్టీ, అజ్ఞాతవాసం. ఆ తర్వాత భర్త వదిలేసి వెళ్లిపోయాడు. ముప్పై అయిదేళ్ల వయసులో హైదరాబాద్ వచ్చి మెట్రిక్ చదివి, కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా ఉద్యోగం చేసి బతికింది. ఎదిగిన కొడుకూ కూతురూ ఇద్దరూ కళ్లముందే పోయారు. ఇదంతా పుస్తకంగా వచ్చింది 2012లో, ఆవిడకు తొంభై నాలుగేళ్లప్పుడు. నూరేళ్లు బతికి 2018లో పోయారు. నేను ఇంత చెప్పాను కాబట్టి ఏడుపుగొట్టు పుస్తకం అనుకుంటావేమో, కాదు. ఆవిడ ఎక్కడా గొంతు పెంచదు. తిట్టదు. తిట్టాల్సిన చోట కూడా ఒక వాక్యం రాసి పక్కకు తప్పుకుంటుంది, నువ్వే పుస్తకం మూసి పైకప్పు చూస్తూ కూర్చుంటావు.

దీనికి జంట ఇంగ్లిష్‌లో ఉంది: సుజాత గిడ్ల రాసిన 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్'. ఆవిడ న్యూయార్క్ సబ్‌వేలో కండక్టర్. పుస్తకం నడిచేది ఎక్కువగా ఆవిడ మేనమామ కె.జి. సత్యమూర్తి చుట్టూ, అంటే శివసాగర్, కవి. కొండపల్లి సీతారామయ్యతో కలిసి పీపుల్స్‌వార్ పెట్టిన మనిషి. ఒక ఉద్యమాన్ని ఒక పుస్తకంలో వదిలేసిన భార్య వైపు నుంచి, ఇంకో పుస్తకంలో దళిత కుటుంబం వైపు నుంచి చూస్తావన్నమాట. ఇంగ్లిష్ తేలికే, భయపడకు. అదే దారిలో తెలుగులో 'మా నాయన బాలయ్య' ఉంది, వై.బి. సత్యనారాయణ గారిది, పి. సత్యవతి గారి అనువాదం. పూర్వీకుడొకాయన మంచి చెప్పులు కుట్టి ఇచ్చాడని మెచ్చి నిజాం యాభై ఎకరాలు ఇస్తే, దాన్ని ఊరి దొర దక్కనివ్వకపోవడం దగ్గర నుంచి, ఆ కుటుంబం రైల్వే కూలీగా మొదలై యూనివర్సిటీ చదువుల దాకా రావడం అంతా ఉంటుంది. మీ ఆఫీసువాళ్లు సక్సెస్ స్టోరీ అడిగితే ఇది చేతిలో పెట్టు.

ఆ కంపెనీ ఓనర్ల పుస్తకాలు నీకెందుకు బోర్ కొడుతున్నాయో చెప్పనా? వాటిల్లో ఎవరూ ఓడిపోరు. అప్పు చేస్తాడు, ఎదురుదెబ్బ తగులుతుంది, పదిహేను పేజీల్లో లేచి నిలబడతాడు. రాసింది ఆయనా కాదు, చాలాసార్లు. వేరేవాళ్లు రాస్తే తప్పని కాదు, కలాం గారి ఆత్మకథ కూడా అరుణ్ తివారీతో కలిసి రాసిందే, స్వరాజ్యం గారిది చెప్పి రాయించిందే. కానీ వాటిల్లో ఆ సంగతి అట్టమీదే ఉంటుంది. దాచిపెట్టిన చోట అనుమానించు.

ఇంకో చిన్న కిటుకు. ఆత్మకథ చేతికొస్తే ముందు చివరి అధ్యాయం చూడు, ఎక్కడ ఆపారో. గాంధీ గారి 'సత్యశోధన'లో ఉప్పు సత్యాగ్రహం కోసం వెతికితే దొరకదు, 1920 దగ్గరే ఆగిపోతుంది. అప్పటి నుంచి తన బతుకంతా జనం ముందే ఉంది, కొత్తగా చెప్పేదేముంది అన్నాడాయన. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు 'నా యెఱుక'లో ముప్పై ఏళ్ల వయసు దాకా చెప్పి ఊరుకున్నారు, తర్వాత యాభై ఏళ్లు బతికారు! శ్రీశ్రీ మరీ తెలివైనవాడు, 'అనంతం'ని ఆత్మచరిత్రాత్మక నవల అన్నాడు, ఎవరైనా నిలదీస్తే నవలే కదా అనొచ్చు. పి.వి. నరసింహారావు గారూ అంతే, తన రాజకీయ జీవితాన్ని నవలగా రాసి, రాష్ట్రానికి అఫ్రోజాబాద్ అని పేరు పెట్టారు. తెలుగులో 'లోపలి మనిషి'. ఎవరు ఎవరో పోల్చుకోవడం ఒక ఆట, మీ నాన్నగారికి రాజకీయాల పిచ్చి ఉంటే ఆయనకివ్వు, నాలుగు రోజులు నీ జోలికి రారు.

ఉద్యమాలూ ఎన్‌కౌంటర్లూ చదివి మనసు బరువెక్కితే 'కోతికొమ్మచ్చి' ఉండనే ఉంది. ముళ్లపూడి వెంకటరమణ గారు నవ్విస్తూనే పేదరికం చెబుతారు. బాలు గారి గొంతుతో ఆడియో కూడా వచ్చింది, బెంగళూరు ట్రాఫిక్‌కి సరిపోతుంది. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' తెలుగు వాక్యం కోసం చదవాలి. వేదం చదవాల్సిన పిల్లవాడు ఇంట్లోవాళ్లకు ఇష్టం లేకుండా తెలుగు కథలు రాయడానికి పడిన పాట్లు, ఆ గోదావరి భాష నీకు మొదట్లో కొత్తగా ఉంటుంది, ఇరవై పేజీలు ఓపిక పట్టు.

రాజుల చరిత్ర వద్దు, మనుషుల చరిత్ర కావాలంటే సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. 1949లో వచ్చింది, తెలుగుకు మొట్టమొదటి సాహిత్య అకాడమీ అవార్డు దీనికే. ఏ రాజు ఎవర్ని ఓడించాడన్న గొడవ వదిలేసి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని వెతికారు. శాసనాలు అవి చెప్పవు కదా, అందుకని కావ్యాలు తవ్వారు. క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూళ్ల ఇంటి పద్యం ఉంది చూడు: కప్పురభోగి బియ్యపన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నాలుగైదు నంజులు, గడ్డపెరుగు, ఇంతా కలిపి లక్ష్మణవజ్ఝల ఇంట్లో ఒక రూకకు. ఇది చదివాక ఓరుగల్లు కోట తోరణం చూస్తే పక్క సందులోంచి నెయ్యి వాసన వస్తుంది. దీనికి జంట చెప్పమంటావా? టంగుటూరి ప్రకాశం గారి 'నా జీవిత యాత్ర'. తండ్రి పోయాక ఒంగోలులో ఆయన తల్లి పిల్లల్ని పెంచింది పూటకూళ్ల ఇల్లు నడిపే. ఓరుగల్లులో భోంచేసినవాడు పద్యం చెబితే, ఒంగోలులో వండినావిడ కొడుకు ఆత్మకథ చెప్పాడు. నాకు ఈ రెండూ ఒకే వీధిలో ఉన్న ఇళ్లలా అనిపిస్తాయి.

'కాశీయాత్ర చరిత్ర' మాత్రం వరసగా చదవకు. ఏనుగుల వీరాస్వామయ్య గారు మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒక భాషలో మాటను ఇంకో భాషలో చెప్పే ఉద్యోగి, 1830 మే 18న వందమందిని వెంటేసుకుని పల్లకీలో కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబర్ 3న తిరిగొచ్చారు. దారిపొడవునా ఏ ఊళ్లో నీళ్లెలా ఉన్నాయి, దినుసులు దొరుకుతాయా, బాట రాళ్లా ఇసకా, అన్నీ రాసుకుంటూ పోయారు. ముందు హైదరాబాద్ భాగం చదువు, తర్వాత నీకు తెలిసిన ఊళ్లు వెతుక్కో. రాత్రి పడుకునేముందు రెండేసి పేజీలు, అంతకంటే ఎక్కువైతే పల్లకీ కుదుపులకు నడుం నొస్తుంది.

దొరకడం సంగతి: కోటేశ్వరమ్మ గారిదీ బాలయ్యదీ హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వాళ్లవి. కాశీయాత్ర, సురవరం లాంటి పాతవి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో, వికీసోర్స్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు. డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఎగ్జిబిషన్‌కు వచ్చేట్టుంటే ఖాళీ బ్యాగ్ తెచ్చుకో. అన్నీ ఒకేసారి మాత్రం కొనకు, కొన్నవి చూసి చదివినట్టు తృప్తి కలుగుతుంది, అదో జబ్బు.

అసలు నీ ఉత్తరంలో నన్ను కుదురుగా ఉండనివ్వనిది చివర్లో అలవోకగా రాసిన మాట, నాయనమ్మ చెల్లెలు ఊళ్లో ఉందని. ఆవిడకు ఎనభై అయిదు దాటి ఉంటాయి కదా. అంటే 1948లో ఊహ తెలిసిన పిల్ల. ఈ పుస్తకాలన్నీ ఎక్కడికీ పోవు, ముందు ఊరికి వెళ్లు. రజాకార్లు ఏం చేశారు అని అడగకు, అలా అడిగితే సినిమాల్లో చూసింది, ఊళ్లో అందరూ అనేది చెబుతుంది. జొన్నచేలో దాక్కున్న రోజు అన్నం ఎప్పుడు తిన్నారు, ఎవరు తెచ్చారు, నీళ్లు ఎట్లా, చిన్నపిల్లలు ఏడిస్తే ఏం చేశారు, ఆ చేను ఎవరిది, ఇట్లాంటివి అడుగు. ఊళ్లో ముస్లింల ఇళ్లెన్ని ఉండేవి, వాళ్లు ఆ తర్వాత ఏమయ్యారు అని కూడా అడుగు, కాస్త ఆగి, రెండో రోజు. ఏడాదీ నెలా అడిగి విసిగించకు, జొన్న ఎంత ఎత్తుందో అడిగితే నెల మనమే కట్టుకోవచ్చు.

ఫోన్‌లో రికార్డ్ చేసేటప్పుడు ఫ్లైట్ మోడ్‌లో పెట్టు. మా తాతయ్య రంగూన్ నుంచి నడిచొచ్చిన కథ చెబుతుంటే మధ్యలో ఎవరో లోన్ కావాలా అని ఫోన్ చేశారు. రికార్డింగ్ అక్కడే ఆగిపోయింది, నేను చూసుకోలేదు. నా దగ్గర ఇప్పటికీ ఉన్నది పదకొండు నిమిషాలే, అందులో ఆయన ఇంకా చిట్టగాంగ్ కూడా దాటలేదు.